క్విన్సీ, 1996: ఆ జవాబు ఇచ్చింది ఎవరు?

ల్యాండింగ్‌కు వస్తున్న విమానం నుంచి కెప్టెన్ రేడియోలో ఒక ప్రశ్న అడిగారు. జవాబు వచ్చింది. ఆమె కోరుకున్న జవాబే వచ్చింది. అయితే ఆమె అడిగింది ఒక విమానాన్ని, జవాబిచ్చింది ఇంకో విమానం. ఆ తర్వాత సుమారు అర నిమిషానికి రెండు విమానాలు రన్‌వేలు కలిసే చోట గుద్దుకున్నాయి. 14 మంది చనిపోయారు.

ఇది 1996 నవంబర్ 19న, సాయంత్రం 5 గంటల 1 నిమిషానికి, అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో క్విన్సీ అనే ఊరి విమానాశ్రయంలో జరిగింది.

నేను పైలట్లకు శిక్షణ ఇస్తాను. నేను పనిచేసేది కూడా క్విన్సీ లాంటి చోటే. చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో రన్‌వే, కంట్రోల్ టవర్ ఉండదు. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి కమర్షియల్ లైసెన్స్ కోసం వచ్చిన తెలుగు పిల్లలు ఏటా నా దగ్గర కొందరు ఉంటారు. ఎవరినైనా మొదటిసారి ఒంటరిగా విమానమిచ్చి పంపే ముందు ఒక పూట కూర్చోబెట్టి ఈ కేసు చదివిస్తాను. అమెరికాలో రవాణా ప్రమాదాలను దర్యాప్తు చేసే బోర్డు ఎన్‌టీఎస్‌బీ 1997లో దీని మీద పూర్తి నివేదిక ఇచ్చింది. కాక్‌పిట్‌లో రికార్డయిన మాటలు అందులో ఉన్నాయి. ఎన్నిసార్లు చదివినా ఆ మాటల దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది, ఎందుకంటే వాటిలో తిక్కగా, నిర్లక్ష్యంగా అన్న మాట ఒక్కటీ లేదు. అందరూ మర్యాదగానే మాట్లాడారు.

రెండూ ఒకే ఇంటివి

టేకాఫ్‌కు సిద్ధంగా ఉన్నది బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ ఏ90. దీని గురించి కొంచెం చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో కంపెనీలు సొంత విమానాలు కొనుక్కోవడం మొదలుపెట్టినప్పుడు వాళ్లకు బాగా అందుబాటులో ఉన్నది బీచ్‌క్రాఫ్ట్ మోడల్ 18. 1937లో మొదటిసారి ఎగిరిన రెండు పిస్టన్ ఇంజిన్ల విమానం అది. తర్వాత అదే కంపెనీ, కాన్సాస్‌లోని విచిటాలో, తన క్వీన్ ఎయిర్ విమానాన్ని ఆధారంగా తీసుకుంది. పిస్టన్ ఇంజిన్లు తీసేసి పీటీ6 టర్బైన్లు పెట్టింది. బాగా ఎత్తుకు వెళ్లినా లోపల గాలి ఒత్తిడి మరీ పడిపోకుండా కేబిన్‌ను కట్టింది. 1964లో కింగ్ ఎయిర్ 90 పేరుతో బయటికి వచ్చింది. ఏ90 దాని తర్వాతి రూపం, 1966 నాటిది. జెట్ కొనే స్తోమత లేని మధ్యతరహా కంపెనీలకు అప్పటి నుంచి కింగ్ ఎయిరే పెద్ద దిక్కు. నమ్మకమైన విమానం. ప్రమాదం నాటికి ఆ తరం కింగ్ ఎయిర్లకు 30 ఏళ్ల వయసు. ఆ వయసుకు ఈ ప్రమాదంతో సంబంధం లేదని ముందే చెప్పేస్తున్నాను. విమానంలో ఏదీ విరగలేదు, ఇంజిన్ ఆగలేదు.

దిగుతున్నది బీచ్‌క్రాఫ్ట్ 1900సీ. 19 సీట్లు, రెండు టర్బోప్రాప్ ఇంజిన్లు. కింగ్ ఎయిర్ 200ను పొడిగించి చేసిన విమానం ఇది. అంటే గుద్దుకున్న రెండూ ఒకే ఇంటి పిల్లలు, ఒకే ఊళ్లో పుట్టినవి. యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ పేరుతో గ్రేట్ లేక్స్ సంస్థ నడిపే 5925 నంబరు సర్వీసు అది. షికాగో ఓహేర్‌లో బయల్దేరి, అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో ఆగి, క్విన్సీకి వస్తోంది. 10 మంది ప్రయాణికులు, ఇద్దరు పైలట్లు ఉన్నారు. కింగ్ ఎయిర్‌లో ఇద్దరున్నారు, ఇద్దరికీ విమానం నడపడం వచ్చు.

మూడో విమానం ఒకటుంది. పైపర్ చెరోకీ, ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం. కింగ్ ఎయిర్ వెనకాలే, అదే రన్‌వే కోసం లైన్లో ఉంది. దానికి గీత కూడా పడలేదు. అయినా ఈ కథలో దాని వంతు తక్కువది కాదు.

టవర్ లేని చోట

మన దేశంలో విమానం ఎక్కినవాళ్లు అనుకునేది ఏమిటంటే, ప్రతి విమానాశ్రయంలోనూ ఒక కంట్రోలర్ ఉంటాడు, అతను దిగమంటేనే దిగుతారు, ఎగరమంటేనే ఎగురుతారు అని. అమెరికాలో ప్రజలు వాడుకునే విమానాశ్రయాలు దాదాపు 5 వేలు. టవర్ ఉన్నవి 5 వందల పైచిలుకు మాత్రమే. మిగతా చోట్ల పైలట్లే ఒకరికొకరు చెప్పుకోవాలి. దానికోసం ఆ విమానాశ్రయానికి ఒక రేడియో ఫ్రీక్వెన్సీ కేటాయిస్తారు. పైలట్ల భాషలో దాని పేరు సీటాఫ్. ఎక్కడున్నాను, ఏ రన్‌వే వాడబోతున్నాను, ఇప్పుడేం చేస్తున్నాను అని అందులో ప్రకటించాలి. విన్నవాళ్లు దాన్ని బట్టి తమ పని సర్దుకోవాలి. లైట్లు లేని నాలుగు రోడ్ల కూడలి దగ్గర లారీ డ్రైవర్లు చేతులు ఊపుకుంటూ దాటుకున్నట్టే. ఎక్కువ రోజులు ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోతుంది.

క్విన్సీలో రన్‌వేలు ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్తాయి. రన్‌వే నంబరంటే అది చూసే దిక్కు. 13 అంటే 130 డిగ్రీలు, ఆగ్నేయం వైపు. 4 అంటే 40 డిగ్రీలు, ఈశాన్యం వైపు. రెండింటి మధ్య దాదాపు లంబకోణం. కాగితం మీద కూడిక గుర్తు గీసుకుని చూడండి. 1900సీ వాయవ్యం నుంచి వచ్చి 13 మీద దిగుతోంది. కింగ్ ఎయిర్ నైరుతి కొస నుంచి 4 మీద పరుగెత్తబోతోంది. అప్పుడు కింగ్ ఎయిర్ ఎడమ సీట్లో ఉన్న పైలట్‌కు దిగే విమానం సరిగ్గా ఎడమ చెయ్యి వైపు ఉంటుంది. తన పక్క కిటికీలోంచే కనిపించాలి. ఈ బొమ్మను నేను ప్రతిసారీ విద్యార్థి చేతనే గీయిస్తాను. గీశాక వాళ్లే తల ఎత్తి నా వైపు చూస్తారు.

వాతావరణం బాగుంది. సూర్యుడు అప్పుడే అస్తమించాడు. పూర్తి చీకటీ కాదు, పూర్తి వెలుగూ కాదు.

రేడియోలో నడిచినది

1900సీ కెప్టెన్ దాదాపు 30 మైళ్ల దూరం నుంచే క్విన్సీ ఫ్రీక్వెన్సీలో మాట్లాడడం మొదలుపెట్టారు. తాము బీచ్ ఎయిర్‌లైనర్ అని, 13 మీద దిగబోతున్నామని, చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పమని అడిగారు. కొద్దిసేపటికి కింగ్ ఎయిర్ నుంచి మాట వచ్చింది, తాము రన్‌వే 4 కోసం ట్యాక్సీ చేస్తున్నామని, అంటే నేల మీదే దాని వైపు కదులుతున్నామని. చెరోకీ నుంచి కూడా 4 కోసమే వెళ్తున్నట్టు వినిపించింది. 1900సీ కాక్‌పిట్‌లో ఇద్దరూ దీని గురించి మాట్లాడుకున్నారు. వాళ్లిద్దరూ 4 వాడుతున్నారు, మనం 13 మీదే వెళ్దామా అని కెప్టెన్ అడిగారు. బాగోలేదనిపిస్తే చుట్టు తిరిగి 4కి వద్దాం, ప్రస్తుతానికి 13 అనే అనుకుందాం అని రెండో పైలట్, అంటే ఫస్ట్ ఆఫీసర్, అన్నాడు. 10 మైళ్ల దగ్గర మళ్లీ ప్రకటించారు. ఫైనల్ మీదకు, అంటే రన్‌వేకు నేరుగా దిగే దారి మీదకు, తిరిగేటప్పుడు మళ్లీ ప్రకటించారు.

ఢీకొనడానికి సుమారు నిమిషంన్నర ముందు కింగ్ ఎయిర్ నుంచి ఆడ గొంతు వినిపించింది. రన్‌వే 4 అంచున ఆగి ఉన్నాం, ఇప్పుడు రన్‌వే మీదకు వెళ్తున్నాం, ఎగిరాక ఆగ్నేయానికి తిరుగుతాం అని. ఇది విన్న 1900సీ కెప్టెన్ పక్కనున్న ఫస్ట్ ఆఫీసర్‌ను అడిగారు, ఆమె ఇప్పుడే రన్‌వే 4 మీదకు వెళ్తోందా అని. అవునన్నాడు. అంటే వాళ్లకు అనుమానం వచ్చింది. ఇది చాలా ముఖ్యం. వాళ్లు ఏమరుపాటుగా లేరు.

అందుకే షార్ట్ ఫైనల్‌కు, అంటే ఆ దారి చివరి భాగానికి, వచ్చాక కెప్టెన్ నేరుగా అడిగారు. మేం 13కి షార్ట్ ఫైనల్‌లో ఉన్నాం, రన్‌వే 4 మీదున్న విమానం అక్కడే ఆగుతుందా, టేకాఫ్ చేస్తారా అని.

కింగ్ ఎయిర్ పలకలేదు.

పలికింది వెనకనున్న చెరోకీ. తన రిజిస్ట్రేషన్‌లోని చివరి అంకెలు, అక్షరం చెప్పి, రన్‌వే 4 దగ్గర టేకాఫ్ కోసం ఆగి ఉన్నానన్నాడు ఆ పైలట్. ఏ రకం విమానమో చెప్పలేదు. సరిగ్గా అప్పుడే 1900సీ కాక్‌పిట్‌లో నేల దగ్గరైందని హెచ్చరించే పరికరం "రెండు వందలు" అని పలికింది. అంటే నేలకు 200 అడుగుల ఎత్తు. ఆ యంత్రపు గొంతు చెరోకీ మాటల మధ్యలో పడింది. దాని తర్వాత వినిపించిన తునకలో "కింగ్ ఎయిర్" అనే మాట ఉంది. అతను తన ముందున్న కింగ్ ఎయిర్ గురించి చెబుతున్నాడు. ఆ మాటలు విన్న కాక్‌పిట్‌కు మాత్రం కింగ్ ఎయిరే "ఆగి ఉన్నాను" అన్నట్టు అతుక్కుపోయింది.

కెప్టెన్ వెంటనే బదులిచ్చారు. సరే సర్, ఒక్క క్షణంలో మీ కూడలి దాటేస్తాం, థాంక్స్ అన్న అర్థంతో. "సర్" అనే ఆ మాట దగ్గర నేను విద్యార్థులను ఆపుతాను. అంతకుముందు కింగ్ ఎయిర్ నుంచి మాట్లాడింది ఆడ గొంతు, కెప్టెన్ స్వయంగా "ఆమె" అన్నారు. ఇప్పుడు జవాబిచ్చింది మగ గొంతు. తేడా చెవిలో పడింది, నోటి నుంచి "సర్" అని కూడా వచ్చింది, మనసు దాకా మాత్రం వెళ్లలేదు. 200 అడుగుల ఎత్తులో, దిగే విమానం మీద దృష్టి పెట్టి ఉన్న ఎవరికైనా ఇది జరుగుతుంది. నాకు జరిగింది, కింద చెబుతాను.

చెరోకీ పైలట్ ఆ థాంక్స్ విన్నాడు. సరిదిద్దలేదు.

అదే సమయంలో కింగ్ ఎయిర్ రన్‌వే 4 మీద నిలబడి ఉంది. బోర్డు లెక్క ప్రకారం సుమారు ఒక నిమిషం. ఆ తర్వాత టేకాఫ్ పరుగు మొదలుపెట్టింది. 1900సీ నేలను తాకి 13 మీద పరుగెడుతోంది. చివరి క్షణాల్లో రెండు వైపులా చూసుకున్నారు, రెండు విమానాలూ గట్టిగా బ్రేకులు వేశాయి. చాలలేదు.

తలుపు

ఈ కేసును చాలామంది రేడియో పాఠంగా చెప్పి ఇక్కడితో ఆపేస్తారు. నాకది అన్యాయంగా అనిపిస్తుంది. ఢీకొన్నప్పుడు 1900సీలో ఉన్న 12 మంది చనిపోలేదు. ఆ దెబ్బ ప్రాణం తీసే దెబ్బ కాదని దర్యాప్తులో తేలింది. వాళ్లు పోయింది తర్వాత, పొగ పీల్చి.

రెండు విమానాలు అతుక్కునే జారి రన్‌వే అంచున ఆగాయి. మంట అంటుకుంది. విమానాశ్రయంలో ఉన్న పైలట్లు ముగ్గురు చూసి పరుగెత్తుకొచ్చారు. వాళ్లు వచ్చేసరికి కాక్‌పిట్ కిటికీలోంచి కెప్టెన్ తల, చెయ్యి బయటికి కనిపించాయి. ఆమె బతికే ఉన్నారు. తలుపు తెరవమని అడిగారు. 1900సీకి ముందు భాగంలో ఎడమ వైపు మెట్ల తలుపు ఉంటుంది, కిందికి దించితే అదే మెట్లవుతుంది. వచ్చినవాళ్లలో ఒకరు దాని పిడి పట్టుకుని తిప్పారు. తెరుచుకోలేదు. మళ్లీ ప్రయత్నించారు. తెరుచుకోలేదు. పొగ, మంట పెరిగిపోయి వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

ఓ మోస్తరు ప్రమాదంలో విమానం ఒళ్లు కొంచెం వంగినా తలుపు బిగుసుకుపోకూడదని తయారీ నిబంధనలు చెబుతాయి. ఇక్కడ తలుపు, దాని చట్రం వంగిన కొద్దిపాటి వంపే పిడికీ గడియలకూ మధ్య నడిచే అమరికను పనిచేయనివ్వలేదు. ప్రాణనష్టానికి కారణాల్లో ఈ తలుపు తెరుచుకోకపోవడాన్ని బోర్డు పేరు పెట్టి చేర్చింది.

దాని పక్కనే ఇంకో కారణం కూడా రాసింది. విమానాశ్రయంలో మంటలార్పే ఏర్పాటు లేకపోవడం. అప్పటి ఫెడరల్ నిబంధనలు 30 సీట్లకు మించిన విమానాలు వచ్చే వేళల్లోనే అగ్నిమాపక సిబ్బంది సిద్ధంగా ఉండాలనేవి. 1900సీకి 19 సీట్లు. అందుకని ఆ సాయంత్రం అక్కడ ఎవరూ ఉండనక్కరలేదు, లేరు. ఫైరింజన్ ఊళ్లోంచి రావాలి, ఊరు సుమారు 10 మైళ్లు. వచ్చేసరికి 14 నిమిషాలు పట్టింది. టికెట్ కొన్న ప్రయాణికుడికి తను ఎక్కే విమానంలో 19 సీట్లుంటే ఒక లెక్క, 31 ఉంటే ఇంకో లెక్క అని ఎవరు చెప్పారు? మంటకు సీట్ల లెక్క తెలియదు. ఈ మాట అనేటప్పుడు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, దాచుకోను.

ఆ నిబంధన 2004లో మారింది. 10 నుంచి 30 సీట్ల విమానాలతో సర్వీసులు నడిచే విమానాశ్రయాలను కూడా సర్టిఫికేషన్ పరిధిలోకి తెచ్చారు. ప్రమాదం జరిగిన దాదాపు ఎనిమిదేళ్లకు.

ఎవరి పొరపాటు ఎంత

బోర్డు తేల్చిన ప్రధాన కారణం కింగ్ ఎయిర్‌లోని పైలట్లది. వాళ్లు సీటాఫ్‌ను సరిగా వినలేదు, లేదా చుట్టూ సరిగా చూడలేదు, దానివల్ల కూడలి రన్‌వే మీద వేరే విమానం దిగుతుంటే టేకాఫ్ మొదలుపెట్టారు. చెరోకీ పైలట్ మాట తెగిపడి అర్థం మారడం తోడైన కారణం. 1900సీ సిబ్బంది విషయంలో, వాళ్లు సమన్వయం కోసం తగిన ప్రయత్నాలే చేశారని బోర్డు అంది.

నేను దీనితో ఏకీభవిస్తాను. కొన్ని చోట్ల నా మాట కలుపుతాను.

కింగ్ ఎయిర్ దగ్గర నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ ఒక్క నిమిషం. రేడియో ఏదో కారణంతో వినిపించలేదే అనుకుందాం. వాల్యూమ్ తగ్గి ఉంటుంది, ఆడియో ప్యానెల్ మీద ఒక మీట పొరపాటున వేరే వైపు ఉంటుంది. ఇవి నా విద్యార్థులు నెలకొకసారి చేసే పనులు. కానీ కళ్లున్నాయి. దిగే విమానం 120 నాట్ల వేగంతో, అంటే గంటకు 120 నాటికల్ మైళ్ల వేగంతో వస్తుందనుకుంటే, నిమిషంలో రెండు నాటికల్ మైళ్లు వస్తుంది. సెకనుకు 60 మీటర్ల పైమాటే. అంటే రన్‌వే ఎక్కేటప్పుడు ఎడమకు చూసి "ఖాళీ" అనుకున్నది నిమిషం తర్వాత చెల్లదు. ఎదురుగా వచ్చే లైటు సంధ్యవేళ దూరం నుంచి కదలనట్టే కనిపిస్తుంది, ఇంట్లో వెలిగే దీపంలా. ఒకసారి చూస్తే దొరకకపోవచ్చు. పవర్ పెంచే ముందు ఇంకోసారి చూడాలి. నిలబడి ఉన్నంతసేపూ చూస్తూనే ఉండాలి. దిగేవాళ్లకు దారి ఇవ్వడం మర్యాద మాత్రమే కాదు, అమెరికా విమాన నిబంధనల్లో రాసి ఉన్న విషయం. ఫైనల్‌లో ఉన్న విమానానికి నేల మీదున్న వాటికన్నా ముందు హక్కు.

చెరోకీ పైలట్ అనుభవం తక్కువ. లైసెన్స్ వచ్చాక ఎంతో ఎగరనివాడు. నా తరగతిలో చాలామంది అతన్నే తిట్టిపోస్తారు. అడగని ప్రశ్నకు ఎందుకు జవాబివ్వాలి అంటారు. నేను ఒప్పుకోను. రన్‌వే 4 దగ్గరున్న విమానం అని అడిగారు, అతను రన్‌వే 4 దగ్గరే ఉన్నాడు. సాయం చేద్దామనే పలికాడు. తన విమానం రకం చెప్పకపోవడం ఒక లోపం. అంతకన్నా పెద్దది, పెద్ద విమానం నుంచి థాంక్స్ వచ్చాక కూడా నోరు మెదపకపోవడం. కొత్తగా లైసెన్స్ వచ్చినవాడికి ఎయిర్‌లైన్ కెప్టెన్‌ను రేడియోలో సరిదిద్దాలంటే ఎంత బిడియంగా ఉంటుందో మన పిల్లలను చూస్తే తెలుస్తుంది. చిన్నప్పటి నుంచి పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పొద్దని విని పెరిగినవాళ్లం. ఆ అలవాటును రేడియో దగ్గర వదిలించడానికి నాకు లైసెన్స్ పరీక్ష పాఠాలన్నిటికన్నా ఎక్కువ కాలం పడుతుంది.

1900సీ సిబ్బందిని నేను తప్పు పట్టను. అయితే ఆ కాక్‌పిట్ నుంచి ఒకటి నేర్చుకుంటాను. వాళ్లకు అనుమానం వచ్చింది, అడిగారు, జవాబు వచ్చింది, అనుమానం తీరిపోయింది. జవాబు వచ్చాక మనసు ఎంత తేలికైపోతుందో ఆ కెప్టెన్ మాటల్లో కనిపిస్తుంది. ఆ తేలికే ప్రమాదం. మనం కోరుకున్న జవాబు వచ్చినప్పుడు దాన్ని ఇంకోసారి తరచి చూడాలనిపించదు. 1977లో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే ద్వీపంలో కేఎల్ఎమ్, పాన్ యామ్ సంస్థల విమానాలు రన్‌వే మీద గుద్దుకుని 583 మంది చనిపోయిన రోజున కూడా, టవర్ మాట, పాన్ యామ్ పైలట్ మాట ఒకేసారి వచ్చి కేఎల్ఎమ్ కాక్‌పిట్‌లో చెవులు చిల్లులు పడే కీచుమనే శబ్దంగా మారాయి. అక్కడ పొగమంచు, జంబో జెట్లు. ఇక్కడ తేటగా ఉన్న సాయంకాలం, చిన్న విమానాలు. రేడియోలో ఒకరు మీట నొక్కితే మిగతావాళ్లు వినగలగాలి, ఆ ఒక్క షరతు రెండు చోట్లా తప్పింది.

నాకు జరిగింది

కొన్నేళ్ల కిందట ఒక విద్యార్థితో ల్యాండింగ్‌లు చేయిస్తున్నాను. ఫైనల్‌లో ఉన్నాం. రన్‌వే మొదట్లో ఒక విమానం ఉంది. నా విద్యార్థి అడిగాడు, రన్‌వే మీదున్నవాళ్లు బయల్దేరుతున్నారా, ఆగుతున్నారా అని. "బయల్దేరుతున్నాం" అని స్పష్టంగా జవాబొచ్చింది. అతను సంతోషంగా దిగుతూనే ఉన్నాడు, నేను కూడా పట్టించుకోలేదు. ముందున్న విమానం కదల్లేదు. ఇంకా కదల్లేదు. అప్పటికి నేను కంట్రోల్స్ అందుకుని గో అరౌండ్ చేశాను, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేపాను.

పైకి వెళ్లాక తెలిసింది, జవాబు ఆ విమానం నుంచి రానే లేదు. చిన్న విమానాశ్రయాలు చాలా ఉండడంతో ఒకే ఫ్రీక్వెన్సీని దూరదూరంగా ఉన్న నాలుగైదింటికి ఇస్తారు. పదుల మైళ్ల అవతల ఇంకో ఊళ్లో టేకాఫ్ చేస్తున్న పైలట్ తననే అడిగారనుకుని పలికాడు. అందుకే ప్రతి ప్రకటనలో మొదటా చివరా ఊరి పేరు చెప్పాలంటారు. ఆ జవాబులో ఊరి పేరు లేదు. అది లేదని నేను గమనించలేదు. అప్పటికే ఈ కేసును ఎన్నో సార్లు పాఠంగా చెప్పి ఉన్నాను.

ఆ రోజు తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. జవాబులో విమానం రకం గానీ, ఊరి పేరు గానీ లేకపోతే అది జవాబు కాదు, శబ్దం. మళ్లీ అడగాలి. ఈసారి "రన్‌వే మీదున్న విమానం" అని కాదు, "కింగ్ ఎయిర్" అని పేరు పెట్టి అడగాలి. అప్పటికీ ఆ కింగ్ ఎయిరే పలికినట్టు తెలియకపోతే గో అరౌండ్. ఇంధనం కొంచెం ఖర్చవుతుంది, నాలుగైదు నిమిషాలు ఆలస్యమవుతుంది. ప్రయాణికులు ఉంటే ఎందుకని అడుగుతారు, చెప్పొచ్చు.

కూడలి రన్‌వేలు ఉన్నచోట ఇంకో నియమం పెట్టుకున్నాం. టేకాఫ్‌కు రన్‌వే ఎక్కాక వెంటనే బయల్దేరాలి. ఏ కారణంతోనైనా ఆగాల్సి వస్తే, బయల్దేరే ముందు రేడియోలో మళ్లీ చెప్పాలి, రెండు వైపులా మళ్లీ చూడాలి. లైట్లన్నీ వేసే ఉండాలి. చెక్‌లిస్టు పని మిగిలితే రన్‌వే బయటే ముగించుకోవాలి, మీద నిలబడి కాదు.

విమానం తలుపు గురించి కూడా. మా హ్యాంగర్‌లోకి కొత్త రకం విమానం ఏది వచ్చినా విద్యార్థులను బయట నిలబెట్టి దాని తలుపు తెరిపిస్తాను. కళ్లు మూసుకుని, చేతితో తడిమి. ఎటు తిప్పాలి, ఎంత లాగాలి, రెండో గడియ ఎక్కడుంది. క్విన్సీలో ఆ తలుపు వంగింది కాబట్టి ఎంత తెలిసినా తెరుచుకునేది కాదేమో. అయినా పరుగెత్తుకు వెళ్లినవాడి చేతులకు పని తెలిసి ఉండాలి.

మొన్న ఒక అబ్బాయి, గుంటూరు వైపు వాడు, ఈ కేసు చదివాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు.

"సార్, ఆ చెరోకీలో నేనుంటే? ఆవిడ థాంక్స్ చెప్పేశాక ఏమని చెప్పాలి? టైం ఎక్కడుంది?"

"నువ్వే చెప్పు" అన్నాను. "నేను వాచీ చూస్తాను."

రెండుసార్లు తడబడ్డాడు. సారీ అని మొదలుపెట్టాడు, అది తీసేయమన్నాను. మూడోసారి గట్టిగా చెప్పాడు.

"క్విన్సీ, మాట్లాడింది చెరోకీ. కింగ్ ఎయిర్ రన్‌వే మీదుంది, జవాబివ్వలేదు. గో అరౌండ్, గో అరౌండ్."

ఆరు సెకన్లు పట్టింది. ఇంగ్లీషులో చెప్పించి చూశాం, ఐదు. ఇంకో నాలుగుసార్లు చెప్పించాక విమానం దగ్గరికి వెళ్లాం.